నమూనా యుద్ధనౌకల పోరులో ఫిరంగి టరెట్లు

రేడియో కంట్రోలుతో నడిచే నమూనా యుద్ధనౌకలు కొలనులో ఒకదాన్నొకటి ఉక్కు గుండ్లతో కొట్టి ముంచే క్రీడ 1970ల చివర్లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో మొదలైంది. 20వ శతాబ్దపు తొలి సగంలో ఏదో ఒక దేశపు నౌకాదళానికి చెందిన ఓడను 1:144 కొలతకు తగ్గించి కట్టాలి. అసలు ఓడలో 12 అడుగులుంటే నమూనాలో ఒక అంగుళం. గుండు తగిలితే చిల్లు పడాలి కాబట్టి ఓడ పక్కలకు పల్చటి బాల్సా చెక్క అతికిస్తారు. గుండు వెలువడేది టరెట్ నుంచి, అంటే ఫిరంగులు బిగించిన గూటి నుంచి. పొడవూ వెడల్పూ పొగగొట్టాలూ అన్నీ లెక్క ప్రకారం తగ్గించుకోవచ్చు గానీ టరెట్ దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్కే అడ్డం తిరుగుతుంది. ఈ చిక్కును ఎవరెవరు ఎలా విప్పుకున్నారన్నదే నమూనా టరెట్ చరిత్ర.

అసలు ఓడల వారసత్వం

తిరిగే టరెట్ యుద్ధంలో తన సత్తా చూపింది 1862 మార్చి 9న, అమెరికా అంతర్యుద్ధ కాలంలో, హాంప్టన్ రోడ్స్ దగ్గర. జాన్ ఎరిక్సన్ రూపొందించిన మానిటర్ ఓడ మీద 20 అడుగుల వ్యాసంతో ఒకే ఒక టరెట్, అందులో 11 అంగుళాల ఫిరంగులు రెండు ఉండేవి. ఆవిరి యంత్రం దాన్ని తిప్పగలిగింది గానీ అనుకున్న చోట ఆపడం కష్టమైంది. చివరికి టరెట్ తిరుగుతుండగానే, గురి కుదిరిన క్షణంలో ఫిరంగి పేల్చాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత, 1870 సెప్టెంబరులో, బ్రిటన్ ఓడ కెప్టెన్ స్పెయిన్ తీరానికి చేరువలో గాలివానకు బోల్తాపడింది. టరెట్లూ తెరచాపలూ రెండూ మోసిన ఆ ఓడతో పాటు దాన్ని రూపొందించిన కౌపర్ కోల్స్ కూడా మునిగిపోయాడు. ఓడ పైభాగంలో బరువు పెరిగితే ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసివచ్చింది. గురి దగ్గర ఆగకపోవడం, పైబరువు అనే ఈ రెండు చిక్కులూ నూరేళ్లు దాటాక కొలనులోని బొమ్మ ఓడలనూ పట్టుకున్నాయి. రేడియోతో ఓడను నడపవచ్చని నికోలా టెస్లా 1898లోనే న్యూయార్క్‌లో చిన్న పడవతో చూపించాడు. దాని మీద ఫిరంగి పెట్టి పోరాడించడం చాలా కాలం తర్వాతి మాట.

కొలతకు లొంగని గుండు

అమెరికా యుద్ధనౌక అయోవా ఫిరంగుల నోరు 16 అంగుళాలు. 144తో భాగిస్తే 2.8 మిల్లీమీటర్లు. ప్రపంచంలోనే అతిపెద్ద నౌకా ఫిరంగులు మోసిన జపాన్ ఓడ యమాటోకు 46 సెంటీమీటర్ల నోరు, నమూనాలో 3.2 మిల్లీమీటర్లు. బజారులో దొరికే ఎయిర్‌గన్ ఉక్కు గుండేమో దాదాపు 4.4 మిల్లీమీటర్లు. యమాటో గొట్టంలో కూడా అది పట్టదు. కాబట్టి బొమ్మ ఓడ ఏదైనా ఫిరంగి నోరు కొలతను మించి ఉండక తప్పదు. కొన్ని పోటీల్లో వాడే పావు అంగుళం గుండును తిరిగి అసలు కొలతకు పెంచితే 91 సెంటీమీటర్ల ఫిరంగి అవుతుంది. అలాంటిది ఏ ఓడకూ లేదు.

దూరం లెక్క ఇంకా విచిత్రం. అయోవా ఫిరంగులు 45 డిగ్రీల దాకా పైకెత్తి 38 కిలోమీటర్ల అవతల గుండు వేయగలవు. కొలత ప్రకారం అది 264 మీటర్లు. బొమ్మ ఓడలు మాత్రం ఒకటి రెండు మీటర్ల లోపే తలపడతాయి. శత్రువు నీటిగీతకు కింద పడిన చిల్లుకు ఎక్కువ పాయింట్లు, గీత మీద పడితే మధ్యస్తం, పైన పడితే తక్కువ. అందుకని నమూనా ఫిరంగిని పైకి ఎత్తరు, కిందికి వంచుతారు. టరెట్ నీటికి 7 సెంటీమీటర్ల ఎత్తున ఉండి, శత్రువు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే వాలు ఆరేడు డిగ్రీలు కావాలి. ఆ వాలుకు ముందున్న టరెట్ కప్పో, డెక్ అంచో అడ్డు రాకూడదు. నా దృష్టిలో టరెట్ రూపకల్పనలో అన్నిటికన్నా ఓపిక అడిగే పని ఇదే. ఒక డిగ్రీ తేడా వస్తే గుండు శత్రువు డెక్ మీదుగా ఎగిరిపోతుంది, లేదా నీళ్లలో దూకి బలం పోగొట్టుకుంటుంది.

రెండు దారులు

తొలినాళ్ల నుంచీ ఎక్కువమంది పట్టిన దారికి ఫాస్ట్ గన్ అని పేరు. ఇందులో టరెట్ సాధారణంగా తిరగదు. పేలే ఫిరంగులు కొన్నే, మిగతావి చూపుకు. ఒక్కో ఫిరంగికి 50 గుండ్లుంటాయి, వరుసగా పేల్చుకోవచ్చు. గురి చూసేది టరెట్ కాదు, ఓడే. తిప్పలేని ఫిరంగిని శత్రువు మీదికి తేవాలంటే ఓడనే తిప్పాలి. అందువల్ల వేగంగా ముందుకు పోతూ, వెంటాడేవాణ్ణి వెనక టరెట్‌తో కొట్టడం బాగా చెల్లింది. వెనక్కి గురిపెట్టిన జంట ఫిరంగులూ, పక్కకు గురిపెట్టి నీటిగీత వైపు వంచినవీ ఇక్కడ ఎక్కువగా కనిపిస్తాయి.

1980లలో బలపడ్డ బిగ్ గన్ దారి వేరు. అసలు ఓడ ఫిరంగి ఎంత పెద్దదో దాన్ని బట్టి గుండు పరిమాణం, కవచం మందాన్ని బట్టి బాల్సా మందం, టరెట్లను తిరగనివ్వడం ఇక్కడి పద్ధతి. ఓడ అసలులా ప్రవర్తించాలన్న పట్టుదల ఈ దారిని పుట్టించింది. పోరులో ఫాస్ట్ గన్‌కు చురుకుదనం ఎక్కువే, కాదనలేం. కానీ టరెట్ తయారీ నైపుణ్యం పరీక్షకు నిలిచేది బిగ్ గన్‌లోనే.

లోపలి సంగతి

ఇత్తడి గొట్టం మొదట్లో చిన్న రబ్బరు ఓ-రింగు ఉంటుంది. గుండు దాని వెనక చిక్కుకుని నిలుస్తుంది. సిలిండర్‌లో ద్రవంగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ పీడనం 30 డిగ్రీల వేడిలో చదరపు అంగుళానికి సుమారు 1,000 పౌండ్లు. రెగ్యులేటర్ దాన్ని 150 పౌండ్ల ప్రాంతానికి దించుతుంది. సర్వో మోటారో సోలినాయిడో వాల్వు తెరవగానే గ్యాసు గుండు వెనక కమ్ముకుంటుంది. రబ్బరు సాగి పట్టు వదిలేదాకా ఒత్తిడి పెరిగి, గుండు ఒక్కసారిగా దూసుకుపోతుంది. ఓ-రింగు అరిగితే ఒత్తిడి చాలకముందే గుండు జారి పడిపోతుంది. వెంటవెంటనే పేలిస్తే గ్యాసు వ్యాకోచించి చల్లబడి పీడనం తగ్గుతుంది, చివరి గుండ్లు నీరసంగా పోతాయి.

తిరిగే టరెట్‌లో ఈ సరంజామా అంతా కదిలే గూటిలో ఇమడాలి. అయోవా టరెట్ కూర్చునే బార్బెట్ లోపలి వ్యాసం సుమారు 11 మీటర్లు. నమూనాలో అది 8 సెంటీమీటర్ల లోపే. మూడు గొట్టాల మధ్య ఎడం రెండు సెంటీమీటర్లు. ఆ జాగాలోనే మూడు ఫిరంగులకూ గుండ్ల దారులూ గ్యాసు మార్గాలూ కుదరాలి. గ్యాసు గొట్టం మెలిపడితే దారి మూసుకుపోతుంది, అందుకే తిరిగే కోణానికి హద్దు పెడతారు. అసలు ఓడలోనూ వెనకున్న కట్టడాల వల్ల టరెట్ పూర్తి చుట్టు తిరిగేది కాదు గనక ఇది కొలతకు విరుద్ధమేమీ కాదు.

బరువు లెక్క మాత్రం క్షమించదు. పొడవు 144 వంతులు తగ్గితే బరువు దాదాపు 30 లక్షల వంతులు తగ్గుతుంది. 1,700 టన్నుల పైచిలుకు అయోవా టరెట్ నమూనాలో 600 గ్రాముల లోపే ఉండాలి. ఇత్తడి దిమ్మెను లేత్ మీద కోసి మూడు ఫిరంగులు చేస్తే ఆ హద్దు ఇట్టే దాటిపోతుంది. అలా చేసిన టరెట్లు మూడు పైన ఎక్కితే, చిల్లులు పడి నీరు చేరిన ఓడ ముందే పక్కకు ఒరుగుతుంది. అందుకని బరువైన సిలిండర్‌ను, బ్యాటరీలను వెన్నుదూలం మీద పరుస్తారు. టరెట్ పైకప్పు, గోడలు వీలైనంత తేలిక వస్తువుతో చేస్తారు.

త్రీడీ ప్రింటర్లు ఇళ్లలోకి వచ్చాక ఈ చివరి పని చాలా సులువైంది. నౌకాదళాల డ్రాయింగులు చూసి టరెట్ పైకప్పును గీసుకుని, వాలు ఒక డిగ్రీ మార్చి, మళ్లీ ప్రింటు తీసి చూసుకోవచ్చు. చిన్న మైక్రోకంట్రోలర్లు టరెట్ తిరుగుడునూ పేల్చే వరుసనూ నియంత్రిస్తున్నాయి. గొట్టం, ఓ-రింగు కూర్చునే గాడి మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ఇత్తడిలోనే చేస్తారు. ఒత్తిడిని తట్టుకోవాలి, లోపలి నునుపు చెడకూడదు, గుండు ప్రతిసారీ ఒకే దారిన పోవాలి. ప్రింటు తీసిన ప్లాస్టిక్‌తో ఈ మూడూ ఒకేచోట రాబట్టడం కష్టం.