రాతిలో ఆకు, గుహలో దేవుళ్ళు

మా బాపు గోదావరిఖనిలో కోల్‌ఫిల్లర్. తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపి బతికినవాడు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒకనాడు ఆయన షిఫ్టు దిగి వస్తూ తువ్వాలలో ఒక బండపెచ్చు చుట్టుకొచ్చాడు. అరచేతి వెడల్పు నల్లని పలక. దాని మీద నాలుకలాంటి ఆకు అచ్చు. నడుమ లావుపాటి ఈనె, రెండుపక్కలా వలలాగా అల్లుకున్న సన్న ఈనెలు. చెట్టు మీంచి నిన్న రాలిందన్నంత స్పష్టంగా ఉంది.

"ఆకు బిడ్డా! రాయి కడుపుల ఆకు" అన్నాడు.

నాకప్పుడు భౌతికవాదం కొత్త. నాలుగు పుస్తకాలు చదివిన వేడి ఇంకా తగ్గలేదు. ఇదే అదనుగా ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇది దేవుడు చేసింది కాదనీ, సృష్టి ఆరు రోజుల్లో గానీ బ్రహ్మదేవుడి ఒక పగటిలో గానీ జరగలేదనీ వివరించాను. బాపు అంతా ఓపికగా విన్నాడు. "నేను దేవుని ముచ్చట ఎప్పుడు తీసిన్రా? ఆకులున్న బండ పొరలు పొరలుగ ఊడి పడ్తది. దాని కింద నిలవడద్దు. నాకెరుకైంది గంతే" అన్నాడు.

ఆ జవాబు నన్ను చాలా ఏళ్ళు వెంటాడింది. గతాన్ని గురించి మనం మాట్లాడేటప్పుడు పురాణం ఒక పక్కన, విజ్ఞానశాస్త్రం మరొక పక్కన నిలబెట్టి వాదించడం అలవాటైపోయింది. ఆ రెంటి నడుమా రాతిని చేత్తో తాకినవాడు ఒకడున్నాడన్న సంగతి ఇద్దరమూ మరచిపోతాం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు ఆ ఆకు సంగతి. దాని పేరు గ్లోసోప్టెరిస్. 1828లో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్రోన్యార్ పెట్టాడు. గ్రీకులో 'నాలుక ఆకారపు ఫెర్న్' అని అర్థం. అది ఫెర్న్ కాదనీ, విత్తనాలు కాసిన చెట్టనీ తరవాత తేలింది. సుమారు 25 నుంచి 29 కోట్ల ఏళ్ళ కిందట, పెర్మియన్ యుగంలో, ఇక్కడ చిత్తడి అడవులుండేవి. ఆ అడవుల కలపా, రాలిన ఆకూ బురద కింద పూడి, అణగి, బొగ్గయింది. మన బొగ్గు పొరల కింద తాల్చీరు పొరలున్నాయి. వాటిలో హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన గుండ్రాళ్ళున్నాయి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఈ నేల మీద ఒకప్పుడు మంచుగడ్డలు కదిలాయన్నమాట! 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ మంచులో చనిపోయిన స్కాట్ బృందం చివరిదాకా వదలకుండా మోసుకొచ్చిన 16 కిలోల రాళ్ళలోనూ ఇదే ఆకు అచ్చులు దొరికాయి. అంటార్కిటికా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, మన గోదావరి లోయ ఒకప్పుడు ఒకే నేల. ఆ వాదానికి బలమైన సాక్షుల్లో ఈ ఆకు ఒకటి.

ఆ మహాఖండానికి పేరెక్కడిది? 1872లో మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ రకం రాతిపొరలకు గోండుల నేల పేరు మీద 'గోండ్వానా' అని పేరు పెట్టాడు. 1885లో ఆస్ట్రియా పండితుడు ఎడ్వర్డ్ స్యూస్ దాన్ని మహాఖండానికే పెట్టాడు. ఆ ఖండానికి ఉత్తరాన ఉండి, తరవాత హిమాలయాలుగా మడతపడిన సముద్రానికి 1893లో ఆయనే 'టెథిస్' అని పేరు పెట్టాడు. టెథిస్ గ్రీకు పురాణంలో ఓషనస్ సహచరి, నదుల తల్లి. భూమి చరిత్రను రాయడానికి పూనుకున్న శాస్త్రం కూడా పేర్ల కోసం పురాణం గడప తొక్కిందన్నమాట.

ఆ టెథిస్ సముద్రపు జీవి ఒకటి మన ఇళ్ళలోనే ఉంది. గండకీ నదిలో దొరికే సాలగ్రామాలు చాలావరకు అమ్మోనైట్ శిలాజాలు. వాటి చుట్లలో మనవాళ్ళు విష్ణుచక్రాన్ని చూశారు. ఇలాంటి గవ్వచుట్టల్లోనే పాశ్చాత్యులు ఈజిప్టు దేవుడు అమ్మోన్ పొట్టేలు కొమ్మును చూశారు. ఆ పేరు అలా వచ్చిందే. రాయి ఒకే జాతిది, దేవుళ్ళు ఇద్దరు. ఇంతవరకూ నాకు ఏ అభ్యంతరమూ లేదు. మనిషి తనకు తెలిసినదాని పోలికతోనే తెలియనిదాన్ని చూస్తాడు. కాని, ఆ సాలగ్రామాన్ని స్త్రీలు, శూద్రులు తాకరాదన్న కట్టడి వచ్చింది చూడండి, అక్కడ కథ మారింది. ఆశ్చర్యం కాస్తా అధికారమైంది. దానికన్నా పాతదైన ఆకును మా బాపు మసి చేతుల్తో తువ్వాలలో చుట్టి తెచ్చాడు!

గ్రీకుల దగ్గరా ఈ రెండు దారులూ కనిపిస్తాయి. హెరొడోటస్ ఒక కథ చెప్పాడు. టెగియా నగరాన్ని గెలవలేక స్పార్టావాళ్ళు డెల్ఫీ దేవవాక్కును అడిగారు. ఒరెస్టెస్ వీరుడి ఎముకలు తెచ్చుకొమ్మని జవాబు వచ్చింది. టెగియాలో ఒక కమ్మరి బావి తవ్వుతుంటే ఏడు మూరల శవపేటిక బయటపడింది. లికాస్ అనే స్పార్టావాడు అది విని, ఉపాయంగా ఆ ఎముకలు ఎత్తుకుపోయాడు. ఆనాటి నుంచీ స్పార్టాదే గెలుపట. అవి ఏనాటివో పెద్ద జంతువుల ఎముకలై ఉండవచ్చునని కొందరు పండితుల ఊహ. ఏవైతేనేం, అవి రాజ్యవిస్తరణకు పనికొచ్చాయి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఎముకలు ఎత్తుకుపోయినవాడి పేరు చరిత్రలో ఉంది. బావి తవ్విన కమ్మరి పేరు లేదు.

రెండో దారి క్సెనోఫనీస్‌ది. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దివాడు. కొండల మీద గవ్వలు చూశాడు. సిరక్యూజ్ రాతిగనుల్లో చేప అచ్చులున్నాయని గుర్తించాడు. ఒకప్పుడు నేల సముద్రంతో కలిసి బురదగా ఉండేదని తేల్చాడు. దేవుళ్ళను మనుషులు తమ పోలికలోనే కల్పించుకున్నారన్నదీ ఆయనే. ఈ రెండు మాటలూ ఒకే నోట రావడం యాదృచ్ఛికం కాదంటాను. అయితే ఆ చేప అచ్చులు ఆయన కంటబడడానికి ముందు ఎవరో ఆ రాయిని చీల్చాలి. ఆ గనులు ఎలాంటివో తరవాతి చరిత్ర చెబుతుంది. క్రీ.పూ. 413లో ఓడిన ఏథెన్సు సేనలో ఏడువేల మందికి తగ్గకుండా బందీలను వాటిలోనే కుక్కారని థుసిడిడీస్ రాశాడు.

ఇక గ్రంథాల సంగతి. 1650లో ఆర్చిబిషప్ అషర్ బైబిలు వంశావళులు లెక్కగట్టి సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందన్నాడు. మన పురాణాలు అంత పిసినారితనం చూపలేదు. కలియుగం 4,32,000 ఏళ్ళు, మహాయుగం 43,20,000, కల్పం 432 కోట్లు. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళు కాబట్టి మనవాళ్ళకు ముందే తెలుసని రొమ్ము విరుచుకునేవాళ్ళున్నారు. ఆ 454 కోట్లు ఎలా వచ్చాయి? 1956లో ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని కొలిచి ఆ లెక్కకు చేరాడు. ఆ కొలతను ఎవరైనా మళ్ళీ చేసి చూడవచ్చు, తప్పని రుజువు చెయ్యవచ్చు. యుగాల లెక్క హెచ్చవేతతో పుట్టింది. దాన్ని ఏ రాయీ కాదనలేదు, ఔననలేదు. రెండు అంకెలు పక్కపక్కన పడినంత మాత్రాన చుట్టరికం కలవదు.

అంతమాత్రాన పురాణాన్ని చెత్తబుట్టలో వెయ్యమని కాదు. ఆ పొరపాటు మనది, అభ్యుదయవాదులది. ఎందుకో చెప్పడానికి హిస్లాప్ కథ చాలు.

స్టీఫెన్ హిస్లాప్ స్కాట్లండు నుంచి నాగపూరు వచ్చిన మిషనరీ. చంకలో బైబిలు, చేతిలో సుత్తి. మన ప్రాణహిత లోయ శిలాజాలను మొదట సేకరించినవారిలో ఆయన ఒకడు. ప్రాణహిత ఒడ్డు కోట దగ్గర దొరికిన చేపలూ, ఆదిలాబాదు వైపు మాలేరి దగ్గర దొరికిన సరీసృపాల ఎముకలూ ఆ రోజుల్లోనే లండను పండితుల బల్లల మీదికి చేరాయి. అదే మనిషి ఒక ప్రధాన్ నోట గోండుల లింగో గాథను రాసుకున్నాడు. 1863లో ఆయన ఏరు దాటుతూ మునిగి చనిపోయాడు. 1866లో రిచర్డ్ టెంపుల్ ఆ కాగితాలను అచ్చువేశాడు. ఆ గాథలో మహాదేవుడు గోండులను గుహలో బంధించి, ద్వారానికి బండ మూస్తాడు. లింగో వచ్చి విడిపిస్తాడు. నేటికీ పుష్యమాసంలో గోండులు కెరమెరి అడవిలోని జంగుబాయి గుహకు నడిచిపోతారు.

ఆ గుహ ఏ భూగర్భ యుగానిదని అడిగితే గాథ జవాబివ్వదు. కాని, ఒక జాతిని నేలలోపలికి నెట్టి పైన బండ వేసినవాళ్ళెవరని అడగండి, జవాబిస్తుంది. ఒక మహాఖండమంతా గోండుల పేరు మోస్తున్నది. 1940లో అదే కెరమెరి అడవిలో, జోడేఘాట్‌లో, తమ నేల తమదన్నందుకు కొమురం భీమ్‌ను నైజాం పోలీసులు కాల్చిచంపారు. శిలాజం నేల చరిత్ర చెబుతుంది, పురాణం ఆ నేల మీది మనుషుల చరిత్ర చెబుతుంది. ఒకదాన్ని అడగవలసిన ప్రశ్న రెండోదాన్ని అడిగితే అబద్ధమే వస్తుంది.

బొగ్గు చరిత్రలోనూ ఇదే వరస. భద్రాచలం పోయే యాత్రికులు ఇల్లెందు దగ్గర నల్లరాళ్ళు పొయ్యిగా పెడితే అవే అంటుకున్నాయని మా బొగ్గుబాయిల దగ్గర కథ చెబుతారు. పుస్తకాలు మాత్రం 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు కనిపెట్టాడంటాయి. ఒక పొరకు 'కింగ్ సీమ్' అని ఆయన పేరే ఉంది. వంటచేసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. 1945లో నైజాం ప్రభుత్వం దాన్ని కొన్నది. ప్రాణహిత లోయలో 1960 ప్రాంతాల తవ్విన రాక్షసబల్లికి 1975లో శాస్త్రజ్ఞులు 'బరపాసారస్ టాగోరై' అని పేరు పెట్టారు. బెంగాలీలో 'పెద్దకాలు'. రవీంద్రుడి శతజయంతి గుర్తు. 1988లో మన యామన్‌పల్లి ఊరి పేరు కోటాసారస్‌కు దక్కింది. సంతోషమే. రాక్షసబల్లికి కవి పేరు పెట్టగల శాస్త్రం మీద నాకు గౌరవముంది. నా ఫిర్యాదు శాస్త్రం మీద కాదు, మన మీద.

ఆకులున్న బండ ఊడిపడుతుందన్న బాపు మాట ఏ గ్రంథంలోంచి వచ్చింది? పలకరాయి పొరల వెంట చీలుతుంది, ఆకులు పరుచుకున్నచోట ఆ పొర పట్టు తప్పుతుంది. ఆయన దాన్ని చెవితో, చేత్తో, ప్రాణభయంతో నేర్చుకున్నాడు. బండను కర్రతో కొట్టి, మోత విని, గట్టిదో బోలుదో చెప్పేవాడు. శ్రమలోంచి పుట్టిన ఇలాంటి జ్ఞానమే కొన్నిచోట్ల సైన్సుగా ఎదిగింది, కొన్నిచోట్ల కథగా మిగిలింది, ఎక్కువచోట్ల మనిషితో పాటే మట్టిలో కలిసింది. ఇవాళ సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచి వస్తున్నది. తట్టా చెమ్మస్ పోయి యంత్రాలొచ్చాయి. బండ మోత విన్న చెవులు ఒక్కొక్కటే మూతబడుతున్నాయి.

సాహిత్య విద్యార్థులు పురాణాల మీద సిద్ధాంత గ్రంథాలు రాస్తున్నారు, రాయండి. శిలాజాల మీద రాయగలవాళ్ళున్నారు, రాయండి. కాని, ఒక పని అంతకన్నా తొందర. ఖనిలోనో, మందమర్రిలోనో, ఇల్లెందులోనో ఇంకా బతికున్న ఒక ముసలి ఫిల్లర్ దగ్గర కూర్చోండి. బండ ఎలా పలికేదో అడగండి. ఆయన అన్నది అన్నట్టు, ఆయన మాటలోనే, ఆయన పేరుతో రాయండి.

బాపు పోయాడు. పలక నా బల్ల మీదుంది. దాని కింద గ్లోసోప్టెరిస్ అని చీటీ రాసి పెట్టుకున్నాను. ఈ వ్యాసం రాస్తూ ఆ చీటీ మీద రెండో పంక్తి చేర్చాను: తెచ్చినవాడు మా బాపు.