పిత్తనాళ చికిత్సలు – పేగునకు పడు చిల్లు

పిత్తనాళములో రాయి యడ్డుపడినచో కామెర్లు, చలిజ్వరము, కడుపునొప్పి వచ్చును. 1970 దాటువరకు దానిని తీయుటకు పొట్ట కోయుటయే ప్రధాన మార్గము.

1957లో అమెరికాలో హిర్షోవిట్జ్ వంగు గాజుపోగుల దర్శినిని చూపెను. 1968లో వాషింగ్టను నగరమున మక్‌కూన్ మొదలగు వైద్యులు అట్టి దర్శినిని నోటిగుండ ఆంత్రమూలమునకు, అనగా చిన్నపేగు మొదటి భాగమునకు, చేర్చి, అచటి బుడిపెలో సన్నని గొట్టము దూర్చి, మందెక్కించి ఎక్స్‌రే తీసిరి. 1974లో క్యోటోనుండి కవాయ్, ఎర్లాంగెనునుండి క్లాసెన్, డెమ్లింగ్ వేర్వేరుగా మరియొక విద్యను ప్రకటించిరి. బుడిపె ముఖమును విద్యుత్తీగతో చీల్చినచో రాయిని పేగులోనికి దింపవచ్చును. పొట్టపై గాటు లేదు; గాటు లోపలికి మారినది, అంతే.

ఆ చీలిక కొన్ని మిల్లీమీటర్ల వ్యవహారము. హద్దు మీరినచో గోడకు చిల్లు పడును. ఆంత్రమూలము చాలవరకు ఉదరకుహరమునకు వెనుక, వెన్ను వైపున నుండును. కావున చిల్లునుండి వెడలిన గాలియు పిత్తమును తరచు వెనుకనే దాగును. రోగి పొట్ట మొదట మెత్తగనే యుండవచ్చును. కొన్ని గంటలకు జ్వరము, నడుమునొప్పి తోచును. ఒక్కొక్కరికి మెడ చర్మము క్రిందికి గాలి ప్రాకి, వ్రేలితో నొక్కిన చిటచిటలాడును. ఈ చికిత్సానంతరము ఇంతకంటె తరచుగా కనబడు క్లోమపు వాపేమో యని పొరబడుట సులభము. ఆలస్యమైనకొలది ప్రాణభయము హెచ్చును. మామూలు ఎక్స్‌రేకు అందని గాలిని సి.టి. చిత్రము పట్టియిచ్చును.

1996లో ప్రకటితమైన ఉత్తర అమెరికా పరిశీలనలో, చీలిక చేయించుకొన్న 2,347 మందిలో ఈ చిల్లు నూటికి 0.3 వంతు. కొద్దియే, కాని అది పడిన యింటివారికి ఆ లెక్క యేమి ఓదార్పు?

చిల్లు కనబడినంతనే కోయవలెనా, వేచియుండవలెనా యను వివాదము చిరకాలము సాగెను. 2000లో లాస్ ఏంజెలెస్ శస్త్రవైద్యులు చిల్లులను నాలుగు తెగలుగా విభజించిరి. దర్శినియే గోడను పొడిచిన పెద్ద చిల్లునకు వెంటనే శస్త్రము. చీలికవలన బుడిపెచెంత పడినది తరచు చిన్నది. ఆహారము మాన్పి, ముక్కుగుండ గొట్టము వేసి, సూక్ష్మజీవినాశక మందులిచ్చి కనిపెట్టియుండవచ్చును, రోగి క్షీణించినచో కోయవలెను. తీగలవలన నాళమునకు పడినది చాలవరకు తానే మూసుకొనును. వెనుక గాలి మాత్రమే కనబడి, రోగి కులాసాగా నున్నచో చేయవలసినది లేదు. చిత్రమును గాక రోగిని చూచి నిర్ణయింపుమను ఈ పద్ధతి, నా దృష్టిలో, పరికరములకంటె మేలైనది.

అటుపిమ్మట దర్శినిగుండనే క్లిప్పులు వేసి కొన్ని చిల్లులను మూయుటయు సాధ్యమైనది. పెక్కుచోట్ల పేగును ఉబ్బించుటకు గాలికి మారుగా బొగ్గుపులుసు వాయువును ఊదుచున్నారు. అది త్వరగా రక్తములో కలిసి, ఊపిరితో వెడలిపోవును.