ఖగోళ స్థానాలతో ఛాయాచిత్ర కాలనిర్ణయం

రాత్రివేళ లేదా సంధ్యవేళ తీసిన ఛాయాచిత్రంలో కనిపించే చంద్రుడు, నక్షత్రాల స్థానాలను బట్టి ఆ చిత్రం తీసిన తేదీని, సమయాన్ని గణితంతో తెలుసుకునే పద్ధతి ఇది.

కేవలం నక్షత్రాలతో తేదీ తేలదు. ప్రతి నక్షత్రమూ రోజుకు సుమారు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తుంది. కనుక ఈ రాత్రి 10 గంటలకు కనిపించిన నక్షత్రాల అమరికే పదిహేను రోజుల తరువాత 9 గంటలకు కనిపిస్తుంది. ఈ చిక్కును చంద్రుడు విడదీస్తాడు. నక్షత్రాల నడుమ అతడు రోజుకు సుమారు 13 డిగ్రీలు, అనగా గంటకు దాదాపు తన బింబమంత దూరం, తూర్పుకు జరుగుతాడు. పంచాంగంలో రోజుకొక నక్షత్రం మారడానికి కారణం కూడా ఈ గమనమే. అయితే 19 సంవత్సరాలకు ఒకసారి అదే తేదీన ఇంచుమించు అదే తిథి వస్తుంది కాబట్టి సంవత్సరానికి వేరే ఆధారం కొంతైనా ఉండాలి. కెమెరా నిలిపిన చోటు తెలియడమూ అంతే అవసరం.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికా ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ (1902–1984) న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామం వద్ద తీసిన చంద్రోదయ చిత్రం. తేదీల విషయంలో ఆడమ్స్ అంత శ్రద్ధ చూపేవాడు కాదు. ఈ చిత్రానికి 1940 మొదలు 1944 వరకు వేర్వేరు సంవత్సరాలు చెప్పాడు. కళాచరిత్రకారుడు బ్యూమాంట్ న్యూహాల్ కోరికపై డేవిడ్ ఎల్మోర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు చంద్రుని ఎత్తును, దిశను గణించి 1941 అక్టోబరు 31, సాయంత్రం 4 గంటల ప్రాంతమని తేల్చాడు. 1991లో స్కై అండ్ టెలిస్కోప్ పత్రికకు చెందిన డెన్నిస్ డి చికో, ఆ సమయానికి చంద్రుడు చిత్రంలో ఉన్నచోట ఉండడని గమనించాడు. తిరిగి లెక్కించి 1941 నవంబరు 1, సాయంత్రం 4 గంటల 49 నిమిషాల 20 సెకండ్లుగా నిర్ణయించాడు. ఎల్మోర్ కూడా దీనిని అంగీకరించాడు. ఇది పౌర్ణమికి సుమారు రెండు రోజుల ముందు, సూర్యాస్తమయానికి సుమారు ఇరవై నిమిషాల ముందు సమయం. శ్మశానంలోని శిలువలపై నుండి చివరి ఎండ తొలగిపోబోతుండగా తొందరపడి చిత్రం తీశానన్న ఆడమ్స్ కథనానికి ఈ లెక్కే చక్కగా సరిపోతున్నది.