అహ్మద్, రఫీ

అహ్మద్, రఫీ (జననము: 1948, హైదరాబాదు): రోగనిరోధక శాస్త్రవేత్త. దేహమునందు దీర్ఘకాలము తిష్ఠవేయు వైరసుల యెదుట టి కణములు (రోగనిరోధక శక్తికి చెందిన తెల్లరక్తకణములు) ఎట్లు అలసిపోవునో, ఆ అలసటను ఎంతవఱకు తొలగింపవచ్చునో నిరూపించినవారిలో అగ్రగణ్యుడు. ఈయన ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1968లో పట్టభద్రుడై, అమెరికాకేగి ఐడహో రాష్ట్రమున సూక్ష్మజీవశాస్త్రము నభ్యసించి, 1981లో హార్వర్డునందు డాక్టరేటు పడసి, పిదప కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో మైకేల్ ఓల్డ్‌స్టోను కడ పరిశోధన సాగించి, లాస్ ఏంజెలెస్‌లో అధ్యాపకుడుగా నుండి, 1995లో అట్లాంటాయందలి ఎమరీ విశ్వవిద్యాలయ టీకా కేంద్రమునకు అధిపతి యయ్యెను.

అట్లు తిష్ఠవేయగల హెపటైటిస్ బి, సి వైరసులు కాలేయకణములను సాధారణముగా తామై చంపవు. వినుటకు వింతయే గాని, వైరసు సోకిన కణమును గుర్తించి సంహరించునవి మన సీడీ8 అను రకపు టి కణములే; కన్నులు పచ్చబడుట చాలవఱకు ఆ సంహారము యొక్క ఫలమే. ఆ పోరు తీవ్రముగా జరిగి త్వరలో ముగిసినచో రోగి కోలుకొనును. తెగక, తేలక ఏండ్ల తరబడి సాగినచో కాలేయము గట్టిపడి సిరోసిస్‌కును, కొందఱిలో క్యాన్సరునకును దారితీయును. హెపటైటిస్ బి సోకిన వయోజనులలో నూటికి తొంబదియైదుగురు దానిని వదలించుకొనగా, పురిటిలో తల్లి వలన సోకిన శిశువులలో నూటికి తొంబదిమందియందు అది స్థిరపడిపోవును. వైరసు అదియే, దాని నెదుర్కొను కణముల తీరు వేఱు.

ఈ భేదముయొక్క మర్మమును అహ్మద్ ఎలుకలయందు వెదకెను. ఎల్.సి.ఎం.వి. యను వైరసుయొక్క మూలజాతిని ఎలుక కొద్ది దినములలోనే నిర్మూలించుకొనును. కాని 1984లో అహ్మద్, ఓల్డ్‌స్టోను ప్రభృతులు వర్ణించిన ‘క్లోన్ 13’ అను రకము నెలల తరబడి నిలుచును. అట్టి ఎలుకలలో టి కణములు కొన్ని నశింపక నిలిచియుండియు నిర్వ్యాపారములై యున్నవని ఈయన బృందము 1998లో చూపెను. విడుపు లేక షిఫ్టు మీద షిఫ్టు చేసిన కోల్ ఫిల్లరునకు (గనిలో బొగ్గు నింపు కార్మికునకు) తట్టా చెమ్మసు (పార) చేతనే యుండియు చేయి లేవదు గదా, ఆ కణముల స్థితియు నట్టిదే. 1992లో జపానునందు తసుకు హోంజో బృందము కనుగొనిన పీడీ-1 అను గ్రాహకము ఆ కణములపై మితిమీరి యుండుటను గమనించి, దానికి సంకేతము అందకుండ ప్రతిదేహములతో అడ్డగింపగా, అవి మరల పనికి పూనుకొని వైరసును తగ్గించినవని 2006లో ఈయన బృందము వెలువరించిన వ్యాసము నిరోధకశాస్త్రమున ఒక మలుపు.

మఱుసటి సంవత్సరమే ఎమరీ పరిశోధకులు హెపటైటిస్ సి రోగుల కాలేయమునుండి తీసిన టి కణములను పరీక్షించి, రక్తమునందలి కణములకంటె వీనిపై పీడీ-1 అధికముగా నున్నదని తెలిపిరి. రోగి రక్తమును మాత్రమే చూచువారికి ఈ భేదము గోచరింపదు. అయితే, 2013లో ప్రకటితమైన ప్రయోగమున, సి వైరసు సోకి పీడీ-1ను అడ్డగించు చికిత్స పొందిన మూడు చింపాంజీలలో ఒక్కదానియందే వైరసు గణనీయముగా తగ్గెను. ఇంతలో, ఆ యేటనే అమెరికాలో అనుమతి పొందిన సోఫోస్బువిర్ వంటి మాత్రలు పండ్రెండు వారములలో సి వైరసును తుదముట్టింపజొచ్చినందున, ఆ వైరసు విషయమున టి కణములను మేల్కొలుపవలసిన అక్కఱయే తీరిపోయెను. శాస్త్రచరిత్రలో ఇట్టివి కొత్త గావు.

రామగుండము, గోదావరిఖని వంటి సింగరేణి బొగ్గుగని పట్టణములకు ఈ శాస్త్రముతో పని లేదనుకొనరాదు. కామెర్లన్నంతనే పసరు పోయించుకొనుట, మణికట్టుపై వాత పెట్టించుకొనుట తెలంగాణమున ఇంకను నశింపని ఆచారములు. పసరు త్రాగినవారిలో పెక్కుమంది కోలుకొనుట నిజమే. ఏలయన కలుషితజలము వలన వచ్చు ఏ, ఇ రకములును, వయోజనులకు సోకిన బి రకమును ప్రాయికముగా దేహముయొక్క నిరోధకశక్తి చేతనే ఉపశమించును. కీర్తి మాత్రము పసరునకు దక్కును. ఈ కీర్తియే అనర్థహేతువు: దీర్ఘకాలిక బి, సి రోగములు కన్ను పచ్చబడకయే ఏండ్లు గడుపును గనుక, కామెర్లు కనబడి పసరుతో పోవునదే కాలేయరోగమని నమ్మినవారికి పరీక్షకు పోవలసిన పనియే తోపదు. మన దేశమున దాతల రక్తమును సి వైరసునకై పరీక్షించుట ఈ శతాబ్ది యారంభమునగాని విధిగా రాలేదు. అంతకు పూర్వము ప్రమాదమునందో, శస్త్రచికిత్సయందో రక్తమెక్కించుకొనిన గనికార్మికుడు ఒక్కమాఱైన పరీక్ష చేయించుకొనుట యుక్తము. 2018లో నారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమమున పరీక్షయు, మందులును ఉచితము. బి రకమునకు హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయమైన టీకాను వెలువరించెను. శిశువు పుట్టిన ఇరువదినాలుగు గంటలలో దాని తొలిమోతాదు పడవలెను.

అహ్మద్ 2009లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యత్వమును, 2017లో ఆంటోనియో లాంజవెక్కియాతో కలిసి రాబర్ట్ కాక్ బహుమానమును పొందెను. అలసిన కణములన్నియు ఒక్కతీరువి కావనియు, వానిలో టీసీఎఫ్-1 అను అణువు గల చిన్న సమూహమే పీడీ-1 చికిత్సకు స్పందించి వృద్ధిపొందుననియు ఈయన బృందము 2016లో తెలిపెను. ఎలుకల వైరసుతో మొదలైన ఈ సూత్రము క్యాన్సరు వైద్యమున ప్రసిద్ధి కెక్కెను. వైరసును వెడలగొట్టుటకు గాక, తఱచుగా ఆ వైరసులే తెచ్చిపెట్టు ముదిరిన కాలేయ క్యాన్సరునకు, పీడీ-1 సంకేతమును అడ్డగించు అటెజోలిజుమాబ్ అను ప్రతిదేహమును బెవసిజుమాబ్‌తో జతచేసి యిచ్చుటకు 2020లో అమెరికా ఔషధ నియంత్రణాధికారులు అనుమతించిరి.