ఉషాహిది

ఉషాహిది కెన్యా దేశంలో ఆవిర్భవించిన లాభాపేక్ష లేని సంస్థ. ఆ సంస్థ రూపొందించిన సాఫ్టువేరుకు కూడా ఇదే పేరు. స్వాహిలీ భాషలో ఈ పదానికి "సాక్ష్యం" అని అర్థం.

ఆవిర్భావం

2007 డిసెంబరులో జరిగిన కెన్యా అధ్యక్ష ఎన్నికల ఫలితంపై వివాదం తలెత్తి హింస చెలరేగింది. ప్రభుత్వం ప్రత్యక్ష ప్రసారాలను నిషేధించడం వలన ఎక్కడ ఏమి జరుగుతున్నదో ప్రజలకు తెలియకుండా పోయింది. 2008 జనవరిలో న్యాయవాది ఓరీ ఒకొల్లో సూచన మేరకు ఎరిక్ హర్స్‌మన్, జూలియానా రోటిచ్, డేవిడ్ కోబియా మున్నగువారు ఈ సాఫ్టువేరును సిద్ధం చేశారు.

పనిచేయు విధానం

ప్రజలు ఎస్.ఎం.ఎస్., ఈ-మెయిలు మొదలైన వాటి ద్వారా పంపిన సమాచారం తేదీ, స్థలం, సంఘటన రకాల వారీగా పటంపై నమోదవుతుంది. ఈ సాఫ్టువేరు మూల సంకేతం అందరికీ అందుబాటులో ఉన్నందున ఇతర దేశాల స్వచ్ఛంద సంస్థలు కూడా దీనిని వినియోగించాయి.

హైతీ భూకంపం

2010 జనవరి 12న హైతీలో భూకంపం సంభవించినపుడు, బాధితులు 4636 నంబరుకు క్రియోల్ భాషలో పంపిన సందేశాలను విదేశాలలోని హైతీయులు ఆంగ్లంలోకి అనువదించారు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆయా స్థలాలను పటంపై గుర్తించారు.

పరిమితులు

అందిన ప్రతి వార్తా నిజం కానక్కరలేదు. ఫోను లేనివారి కష్టాలు పటంపైకి రావు. కావున గుర్తులు తక్కువగా ఉన్న చోట నష్టం తక్కువని భావించరాదు. సమాచారాన్ని సరిచూసే కార్యకర్తలు లేనిదే ఇటువంటి పటం నమ్మదగిన సాక్ష్యం కాజాలదు.