నేల అడుగున కరువు: మాథ్యూ రోడెల్ పరిశోధన ప్రస్థానం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: కరువును వానలోటుగా లెక్కించడం పాతపద్ధతి. నేలలో మిగిలిన నీటి నిల్వను బట్టి కరువును అంచనా వేయడం గత పాతికేళ్లలో స్థిరపడిన పద్ధతి. ఈ మార్పులో అమెరికా జలశాస్త్రవేత్త మాథ్యూ రోడెల్ కృషికి ముఖ్యస్థానం ఉంది. ఉపగ్రహ దత్తాంశాలను, భూతల నమూనాలను జోడించి ఆయన సాగించిన పరిశోధనను కాలక్రమంలో పరిశీలించడం, ఆ పద్ధతి దక్కను పీఠభూమికి వర్తించేటప్పుడు ఎదురయ్యే పరిమితిని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కరువు, భూగర్భజలం, గ్రేస్ ఉపగ్రహాలు, భూతల నమూనా, దత్తాంశ మేళనం, కఠినశిలా ప్రాంతం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో కరువుకు ఉన్న పర్యాయపదాలలో 'అనావృష్టి' ఒకటి. వృష్టి లేకపోవడమే కరువు అన్న భావన ఆ పదంలోనే ఉంది. 1876–78 నాటి మహాక్షామాన్ని రాయలసీమ ప్రజలు సంవత్సరం పేరుతో 'ధాత కరువు' అని గుర్తుపెట్టుకున్నారు. అంటే జనస్మృతిలో కరువు ఒక ఏటికి, ఆ ఏడు కురవని వానకు ముడిపడి నిలిచింది. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ కూడా వర్షమాపకాల ఆధారంగానే కరువును లెక్కించింది. దీర్ఘకాల సగటు వర్షపాతంలో 2002 నైరుతి రుతుపవనాల కాలంలో 81 శాతం, 2009లో 78 శాతం మాత్రమే నమోదైనందువల్ల అవి కరువు సంవత్సరాలయ్యాయి.

అయితే వర్షమాపకం పడిన నీటిని చెబుతుందే గాని, మిగిలిన నీటిని చెప్పదు. సాధారణ వర్షం కురిసిన ఏడాది కూడా బావి ఎండవచ్చు. వాన తప్పిన ఏడాది కూడా లోతైన భూగర్భజలం పంటను కాపాడవచ్చు. ఈ మిగులును విశాలమైన భూభాగాల మీద కొలిచే సాధనం ఇరవయ్యవ శతాబ్దం ముగిసేదాకా లేదు. రోడెల్ పరిశోధన మొదలైంది ఈ లోటు దగ్గరే.

2. ప్రయోగానికి ముందే వేసిన ప్రశ్న

టెక్సస్ విశ్వవిద్యాలయంలో (ఆస్టిన్) జేమ్స్ ఫమిలియెట్టి పర్యవేక్షణలో రోడెల్ డాక్టరేట్ పరిశోధన చేశారు. అప్పటికి గ్రేస్ ఉపగ్రహాలను ఇంకా ప్రయోగించలేదు. భూమి గురుత్వాకర్షణలో నెలనెలా వచ్చే మార్పులను ఆ ఉపగ్రహాలు కొలుస్తాయి. నీటికి బరువు ఉంది కాబట్టి, ఒక ప్రాంతంలో నీరు పెరిగితే అక్కడి ఆకర్షణ అతిస్వల్పంగా పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. సిద్ధాంతం ఇంతవరకు స్పష్టమే. నేలలోని నీటి మార్పు ఉపగ్రహానికి అందేంత పెద్దదా అన్నది మాత్రం తేలవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబుగా రోడెల్, ఫమిలియెట్టి 1999లో ప్రచురించిన పత్రం ఎంత వైశాల్యంలో, ఎంత కాలవ్యవధిలో నీటి మార్పును గుర్తించవచ్చో అంచనా కట్టింది. 2001లో ఇల్లినాయ్ రాష్ట్రాన్ని ఎంచుకున్నారు. నేల తేమను, భూగర్భజల మట్టాన్ని ఏళ్ల తరబడి క్షేత్రస్థాయిలో కొలిచి భద్రపరచిన అరుదైన ప్రాంతాలలో అది ఒకటి. 2002లో అమెరికా మధ్యభాగంలోని హై ప్లెయిన్స్ జలధర పొరను పరిశీలించారు. ఉపగ్రహం ఏమి చెప్పగలదో నిర్ణయించడానికి ఆయన ఆధారపడింది నేల మీది కొలతల మీదే. ఈ క్రమాన్ని గుర్తుంచుకోవాలి. ఆరో విభాగంలోని చర్చకు ఇదే ఆధారం.

3. జంట ఉపగ్రహాలు, భూతల నమూనాలు

అమెరికా, జర్మనీ అంతరిక్ష సంస్థలు కలిసి రూపొందించిన గ్రేస్ ఉపగ్రహాలను 2002 మార్చి 17న రష్యాలోని ప్లెసెట్స్క్ నుంచి ప్రయోగించారు. రెండు ఉపగ్రహాలు సుమారు 220 కిలోమీటర్ల దూరంలో ఒకదాని వెంట మరొకటి తిరుగుతాయి. బరువైన ప్రాంతం మీదికి రాగానే ముందున్నది కాస్త వేగం పుంజుకుంటుంది, దూరం పెరుగుతుంది. వెంట్రుక మందం కన్నా ఎంతో చిన్నదైన ఆ మార్పును సూక్ష్మతరంగాలతో కొలుస్తారు. అయిదేళ్ల కోసం ఉద్దేశించిన ఈ ఉపగ్రహాలు 2017 దాకా పనిచేశాయి. 2018 మే 22న వాటి స్థానంలో గ్రేస్-ఎఫ్ఓ జంటను ప్రయోగించారు.

గ్రేస్ ఇచ్చే అంకెకు రెండు పరిమితులున్నాయి. మొదటిది, అది నేల తేమ, భూగర్భజలం, మంచు, చెరువులు, జలాశయాలు అన్నిటి మొత్తం. ఏ వాటా ఎంతో అది చెప్పదు. రెండవది, సుమారు లక్షన్నర చదరపు కిలోమీటర్లకు తక్కువైన ప్రాంతం మీద, నెలకు తక్కువైన వ్యవధిలో దాని కొలతను నమ్మలేము.

ఈ పరిమితులను పూరించేవి భూతల నమూనాలు. వర్షపాతం, సూర్యరశ్మి, గాలి, ఉష్ణోగ్రత వంటి వివరాలను ఇస్తే, నేలలో ఎంత నీరు ఇంకింది, ఎంత ఆవిరైంది, ఎంత పారిపోయింది అన్నది భౌతిక సూత్రాల ఆధారంగా ఇవి లెక్కగడతాయి. నాసా గొడ్డార్డ్ కేంద్రంలో రోడెల్, ఆయన సహచరులు అమెరికా వాతావరణ సంస్థలతో కలిసి ఇలాంటి అనేక నమూనాలను ప్రపంచమంతటికీ నడిపే జీఎల్‌డాస్ వ్యవస్థను నిర్మించి, 2004లో వివరించారు.

రెండింటినీ కలిపే ప్రక్రియను దత్తాంశ మేళనం అనవచ్చు. వర్తకుడి లెక్కలతో దీన్ని పోల్చి చెప్పవచ్చు. నమూనా ప్రతిరోజూ రాసే చిట్టా వంటిది. వివరం ఎక్కువ, తప్పులు పోగయ్యే అవకాశమూ ఎక్కువే. గ్రేస్ నెలాఖరున పెట్టెలోని సొమ్మును తూకం వేసి చెప్పే మొత్తం వంటిది. ఆ మొత్తంతో సరిపోలేటట్లు నెలలోని ప్రతి పద్దునూ వెనక్కి వెళ్లి సవరించాలి. బెంజమిన్ జైచిక్, రోడెల్, రోల్ఫ్ రైషల్ 2008లో మిసిసిపీ నదీ పరీవాహకంలో ఈ పని చేసి, ఫలితాన్ని బావుల కొలతలతో సరిచూశారు.

4. వాయవ్య భారతం: 2009

రోడెల్ పేరు భారతదేశంలో వినిపించింది 2009లో. ఇసబెల్లా వెలికోన్యా, ఫమిలియెట్టిలతో కలిసి 'నేచర్' పత్రికలో ప్రచురించిన పత్రంలో ఆయన రాజస్థాన్, పంజాబ్, ఢిల్లీతో కూడిన హర్యానాలను ఒక ప్రాంతంగా తీసుకున్నారు. గ్రేస్ మొత్తంలో నుంచి నమూనాలు చెప్పిన నేల తేమను తీసివేసి, మిగిలినదాన్ని భూగర్భజల మార్పుగా లెక్కించారు. 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా 109 ఘన కిలోమీటర్ల నీరు తరిగిందని తేలింది. ఇది ఏడాదికి సుమారు 17.7 ఘన కిలోమీటర్లు. తెలుగువారికి పరిచితమైన కొలమానంలో చెబితే, మొత్తం దాదాపు 3,850 టీఎంసీలు. 312 టీఎంసీల నాగార్జునసాగర్ జలాశయాలు పన్నెండు నిండేంత నీరు.

అధ్యయన కాలంలో ఆ ప్రాంతపు వర్షపాతం మొత్తం మీద సాధారణానికి దగ్గరగానే ఉంది. కాబట్టి ఆ తరుగుదలకు ప్రధానకారణం వానలోటు కాదని, సాగునీటి కోసం జరిగిన తోడకమేనని పత్రం నిర్ధారించింది. కరువు చరిత్రలో ఈ నిర్ధారణకు ప్రత్యేకత ఉంది. అనావృష్టి లేకుండానే నీటి కరువు నిశ్శబ్దంగా ఏర్పడుతుందని అది అంకెలతో నిరూపించింది.

అదే ఏడాది హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన వీరేంద్ర తివారీ, అమెరికాకు చెందిన జాన్ వార్, షాన్ స్వెన్సన్‌లతో కలిసి గ్రేస్ ఆధారంగానే మరో పత్రం ప్రచురించారు. ఉత్తర భారతాన్ని, పొరుగుదేశాల భాగాలను కలుపుకొన్న మరింత విశాల ప్రాంతంలో ఏడాదికి సుమారు 54 ఘన కిలోమీటర్ల నష్టాన్ని అది చూపింది. వైశాల్యాలు వేరు కనుక అంకెలూ వేరు. దిశ మాత్రం ఒక్కటే.

5. కరువు పటంలోకి భూగర్భం

అమెరికాలో 1999 నుంచి వారం వారం కరువు పటాన్ని వెలువరిస్తున్నారు. అందులో వర్షపాతం, నదీ ప్రవాహం వంటి సూచికలు ఉన్నా, విశాల స్థాయిలో భూగర్భజల సూచిక లేదు. రాస్మస్ హౌబోర్గ్, రోడెల్ తదితరులు 2012లో ప్రచురించిన కృషి ఈ ఖాళీని పూరించింది. నేల పైపొర తేమ, వేరుమండల తేమ, భూగర్భజలం అనే మూడు అంతస్తులకు వేర్వేరు సూచికలు ఏర్పడ్డాయి. 1948 నుంచి నమూనా లెక్కించిన దీర్ఘచరిత్రతో పోల్చి ప్రస్తుత స్థితి ఎంత అసాధారణమో చెప్పడం వాటి పద్ధతి. ఒక వాన పైపొరను రెండు రోజుల్లో తడపవచ్చు. అడుగునున్న నీరు కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. వాన పడగానే కరువు ముగిసిందని ప్రకటించడం ఎందుకు పొరపాటో ఈ మూడు పటాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

2018లో రోడెల్ బృందం ప్రపంచవ్యాప్తంగా 34 ప్రాంతాల నీటి నిల్వ ధోరణులను పరిశీలించి, వాటి కారణాలను సహజ హెచ్చుతగ్గులు, మానవ వినియోగం, వాతావరణ మార్పు అని వేరుచేసే ప్రయత్నం చేసింది. 2023లో బెయిలింగ్ లీతో కలిసి 2002–2021 మధ్య సంభవించిన 1,056 తీవ్ర జల సంఘటనలను ఆయన విశ్లేషించారు. కరువులు, అతివృష్టుల మొత్తం తీవ్రత భూతాపంతో బలంగా ముడిపడి ఉందని అందులో తేలింది.

6. దక్షిణాది ప్రశ్న: లెక్కకు రాని బావి

ఈ పద్ధతిని తెలుగు నేలకు అన్వయిస్తే ఏమవుతుంది? తెలంగాణ వైశాల్యం 1,12,077 చదరపు కిలోమీటర్లు. అంటే గ్రేస్ నమ్మకంగా చూడగల కనీస వైశాల్యం కంటే రాష్ట్రమంతా చిన్నది. శిలా నిర్మాణం కూడా భిన్నమైనది. వాయవ్య భారతంలో ఒండ్రు పొరలు వందల మీటర్ల మందాన నీటిని దాచుకుంటాయి. తెలంగాణ, రాయలసీమలలో అధికభాగం గ్రానైటు, నైసు వంటి కఠినశిల. పైన శిథిలమైన పలుచని పొరలో, కింద పగుళ్లలో మాత్రమే నీరు నిలుస్తుంది. మంచి వానకు త్వరగా నిండి, కొన్ని నెలల్లోనే ఖాళీ అవుతుంది.

ఆకర్ష్ అశోక, విమల్ మిశ్రా తదితరులు 2017లో గ్రేస్, బావుల దత్తాంశాలతో చేసిన అధ్యయనం ఉత్తరాదిన భూగర్భజలం తగ్గుతుండగా దక్షిణాదిన పెరుగుతున్నదని చూపింది. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన రైతుల అనుభవానికి ఇది పొసగలేదు. 2019లో తేజస్వి హోరా, వీణా శ్రీనివాసన్, నందితా బసు ఈ వైరుధ్యాన్ని పరిశీలించి ఒక కారణాన్ని ఎత్తిచూపారు. ఎండిన బావిలో నీటిమట్టం ఉండదు, అందువల్ల దానికి అంకె ఉండదు. అంకె లేని బావి విశ్లేషణ నుంచి జారిపోతుంది. నీళ్లున్న బావులే పట్టికలో మిగులుతాయి. వాటి సగటు తీస్తే పరిస్థితి మెరుగుపడినట్లే కనిపిస్తుంది.

ఈ లోపం ఉపగ్రహానిది కాదు, నేల మీది నమోదుది. అయితే ఉపగ్రహ ఫలితాన్ని సరిచూసేది ఆ నమోదుతోనే కాబట్టి రెండూ ఒకే దారిలో పొరబడే ప్రమాదం ఉంది. ఎండిన బావిని 'వివరం లేదు' అని గాక 'నీరు లేదు' అని నమోదు చేయడం చిన్న మార్పే. కాని పట్టికలో ఆ బావి యజమాని ఉంటాడా లేడా అన్నది దానిపైనే ఆధారపడుతుంది.

7. ముగింపు

రోడెల్ ప్రస్థానంలో మూడు దశలు కనిపిస్తాయి. మొదటిది కొలత సాధ్యమా అని పరీక్షించిన దశ, రెండవది ఉపగ్రహాన్నీ నమూనానూ మేళవించిన దశ, మూడవది ఆ ఫలితాన్ని కరువు పటాలకూ ప్రపంచ జల లెక్కలకూ అందించిన దశ. ఈ క్రమంలో కరువు అనే భావన వాన నుంచి నిల్వకు, ఒక ఏటి సంఘటన నుంచి దీర్ఘకాలిక లెక్కకు మారింది.

మొదటి దశలో ఇల్లినాయ్‌ని ఎంచుకోవడానికి కారణమైన క్షేత్ర కొలతలే తర్వాతి దశలకూ పునాది. అలాంటి నమోదు ఉన్నచోట ఉపగ్రహం చెప్పింది నిలిచింది, అది లోపించినచోట సందేహానికి తావు మిగిలింది. దక్కను పీఠభూమిలో కరువు చరిత్రను రాయదలచిన పరిశోధకులు ఉపగ్రహ పటాలతో పాటు ఎండిన బావుల జాబితానూ ఆకరంగా స్వీకరించాలి. ఆ జాబితా ఇప్పటికీ చాలావరకు గ్రామస్థుల జ్ఞాపకంలోనే ఉంది.