కండ కోసం వెతికితే దొరికిన క్యాన్సర్ మందు

కణంలో ప్రొటీన్లు ఎలా తయారవుతాయో 1960ల చివరికి చాలావరకు తెలిసిపోయింది. పనైపోయిన ప్రొటీన్లు ఏమవుతాయో పట్టించుకున్నవాళ్లు మాత్రం తక్కువ. ఇజ్రాయెల్‌లోని హైఫాలో, టెక్నియాన్ సంస్థలో, అవ్రాం హెర్ష్కో, ఆయన విద్యార్థి ఆరన్ చెకనోవర్ ఆ ప్రశ్ననే పట్టుకున్నారు. ప్రొటీన్‌ను విరగ్గొట్టడానికి కూడా కణం శక్తిని ఖర్చు పెడుతోంది. ఎందుకని?

కుందేలు రక్తంలోని లేత ఎర్రకణాల సారాన్ని వాళ్లు రెండు భాగాలు చేశారు. విడిగా ఏదీ పనిచేయలేదు. కలిపితే ప్రొటీన్లు విరిగాయి. మొదటి భాగంలో అసలు పదార్థం హిమోగ్లోబిన్‌తో కలిసిపోయి ఉంది. దాన్ని వేరుచేయడానికి ఆ భాగాన్ని ఏకంగా మరిగించారు. హిమోగ్లోబిన్ గడ్డకట్టింది. పైన తేరిన ద్రవం మాత్రం ఎప్పటిలాగే పనిచేసింది! వేడికి చెక్కుచెదరని ఆ చిన్న ప్రొటీనే యుబిక్విటిన్. అది గొలుసుగా అతుక్కున్న ప్రొటీన్‌నే కణం ఏరి ముక్కలు చేస్తుంది. ఆ పని చేసేది ప్రొటియాజోమ్ అని తర్వాత తేలింది. 2004లో వీళ్లిద్దరికీ, అమెరికాలో వీళ్లతో కలిసి పనిచేసిన ఇర్విన్ రోజ్‌కీ కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

ప్రొటీన్లు విరగడాన్నే పరిశోధిస్తున్న హార్వర్డ్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ గోల్డ్‌బర్గ్ దృష్టి కండల మీద ఉంది. జబ్బుపడ్డవాళ్ల కండ కరిగిపోకుండా, అందులోని ప్రొటీన్లను విరిచే ప్రొటియాజోమ్‌ను అడ్డుకుందామని 1993లో మయోజెనిక్స్ అనే కంపెనీ మొదలైంది. అక్కడ జూలియన్ ఆడమ్స్ బృందం 1995లో బోరాన్ ఉన్న ఒక అణువును తయారుచేసింది. అది క్యాన్సర్ కణాలను చంపుతోందని పరీక్షల్లో బయటపడింది. ఇక దారి మారింది.

మనుషుల మీద తొలి దశ ప్రయోగంలోనే ఒక మైలోమా రోగిలో వ్యాధి జాడ లేకుండా పోయింది. మైలోమా అంటే ఎముక మజ్జలో ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్. ఆ కణాలు ఎడతెగకుండా యాంటీబాడీ ప్రొటీన్లు తయారుచేస్తూనే ఉంటాయి. అందులో చెడిపోయినవీ ఎక్కువే. వాటిని తొలగించే దారి మూసుకుపోతే ఆ కణం బతకలేదు. ఆరోగ్యకరమైన కణాల్లోనూ ప్రొటియాజోమ్ ఉంటుంది కాబట్టి మందు వాటినీ చంపేస్తుందని చాలామంది భయపడ్డారు. ఆ భయాన్ని దాటి ప్రయోగం కొనసాగించినవాళ్ల ధైర్యం గొప్పది.

2003 మే నెలలో అమెరికా అనుమతి వచ్చింది. మందు పేరు బోర్టెజోమిబ్. ఇప్పుడు హైదరాబాద్ కంపెనీలు కూడా దీన్ని జనరిక్‌గా తయారుచేస్తున్నాయి. మైలోమాను ఇది పూర్తిగా నయం చేయదు, కానీ ఆయుష్షు పెంచింది. ఈ ఇంజెక్షన్ తీసుకుంటున్నవాళ్లకు కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కితే, మంటపుడితే ఓర్చుకోవద్దు. వెంటనే డాక్టర్‌కు చెప్పండి. మోతాదు తగ్గించడమో, రక్తనాళంలోకి బదులు చర్మం కింద ఇవ్వడమో చేస్తారు.